రాజలింగం చెక్కిన విమానం

కేతేపల్లి వడ్ల రాజలింగం చిన్నప్పటి నుంచి దొర గడీకి కూలి లేకుండ వడ్రంగి వెట్టి చేసినోడే. ఒక్క విమానం మాత్రం తనకోసం చేసుకున్నడు. పత్రికలో పడ్డ బొమ్మ చూసి, తేలికైన పొనికి కట్టెను రెండేండ్లు చెక్కిండు. రెక్కలు ఆకులంత పల్చగయ్యేదాక నునుపు చేసిండు. వేలితో తాకితే ముందరి పంకా గిర్రున తిరిగేది.

సంగతి గడీకి చేరింది. దొర పిలిపించి, విమానాన్ని చేతిలోకి తీసుకున్నడు.

"ఎగురుతదారా?"

"ఎగరది దొరా, నీ బాంచెన్. ఉత్త బొమ్మ."

దొర మేడెక్కి కిందికి విసిరిండు. బండల మీద పడి రెక్కలు విరిగినయి.

"ఎగరనిది ఎందుకురా? పోయి దున్నే నాగండ్లు చెక్కు," అన్నడు.

ఇంటికొస్తే భార్య ఉప్పలమ్మ, "విమానం ఏదయ్యా?" అనడిగింది. రాజలింగం మిగిలిన పొనికి కట్టెను పొయ్యిల వెట్టిండు. బతికినన్నాళ్లు మళ్ల తనకోసం ఏదీ చెక్కలే.