దండ సరే, బండి ఏది?

బూర్గంపాడులో మా ఆటో స్టాండుకు ఒక యూనియన్ ఉంది. దాని రూల్స్ రాసిన బోర్డు ఇప్పచెట్టుకు కొట్టి ఉంటుంది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేసిన నాకు ఆ బోర్డు మొత్తం కంఠతా వచ్చు. సీరియల్లో నా వంతు వచ్చేదాకా చదువుకోవడానికి అక్కడ ఇంకేమీ లేదు మరి. సీరియల్ అంటే వరస. ముందొచ్చిన బండి ముందు నిండాలి, ముందు కదలాలి. మధ్యలో దూరినవాడికి ఆ రోజు చాయ్ తోడు కూడా దొరకదు.

ఆ బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే రూలు ఇది: సొంత చేత్తో సీరియల్లో బండి నడిపేవారే పదవులకు అర్హులు. రాయించింది చాచా. మా స్టాండులో మొట్టమొదటి ఆటో ఆయనదే. ఒకప్పుడు ఆటోలు కిరాయికి ఇచ్చి నీడలో కూర్చునే ఆసామి ఒకడు ప్రెసిడెంట్ అవుదామని చూస్తే, "హ్యాండిల్ పట్టనోడు మా మీద పెత్తనం చేసుడేంది?" అని చాచా పట్టుబట్టి ఆ రూలు పెట్టించాడు.

మొన్న వానలు వెనకబట్టాక ఎన్నికలు పెట్టుకున్నాం. మా దగ్గర ప్రెసిడెంట్ అంటే గౌరవం తక్కువ, తిట్లు ఎక్కువ. బండెక్కిన సవారీ తిట్టినా, పోలీసు తిట్టినా, తోటి డ్రైవర్ తిట్టినా ముందు ఆయన్నే. అందుకని ఒక్కడూ నిలబడలేదు. అప్పుడే బెంచీ మీద చాచా కనిపించాడు. ఎవడో "చాచానే చేద్దాం!" అన్నాడు. ఆ పదవి ఎక్కడ తమ మీద పడుతుందోనని అందరూ గబగబా చప్పట్లు కొట్టేశారు. నేనైతే రెండు చేతులూ ఎర్రబడేదాకా కొట్టాను. సెక్రెటరీకి మాత్రం పోటీ జరిగి, ఒక కుర్రాడు గెలిచాడు. ట్రెజరర్‌గా బక్కపలచటి మనిషి ఒకాయన వచ్చాడు.

మాకొక ఆనవాయితీ ఉంది. గెలిచినవాళ్ళ మెడలో దండ వేస్తాం. ఆ దండను తీసి వాళ్ళ బండి ముందరి అద్దానికి కడతాం. ఆ బండి బ్రిడ్జి దాటి భద్రాచలం దాకా మొదటి ట్రిప్పు సవారీలను పైసలు తీసుకోకుండా ఊరికే తీసుకుపోవాలి. దండ కట్టే పని అక్కది. అక్క అడవి లోపలి కోయగూడెం నుంచి వచ్చి ఆటో నడుపుతుంది. స్టాండు మొత్తానికి ఒక్కతే ఆడ డ్రైవరు. ట్రెజరర్ బండికి దండ కట్టేసి, ఇనుప తీగ ముక్క పట్టుకుని బండ్ల వరస ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.

"చాచా, దండ సరే. నీ బండేది?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది మాకు. కళ్ళు మసకబారాయని చాచా ఎండాకాలంలోనే బండి అమ్మేశాడు. బేరం కుదిర్చింది మేమే. కొన్నవాడు పోయించిన కూల్‌డ్రింకు తాగిందీ మేమే. కానీ రోజూ పొద్దున్నే వచ్చి అదే జాగాలో నిలబడే మనిషి కింద బండి లేదని ఎవరు చూస్తారు?

ముందుగా నవ్వింది కొత్త సెక్రెటరీ. "బండి లేని ప్రెసిడెంటా! బాగున్నది కథ!"

అక్క అతని వైపు తిరిగింది. "నువ్ నవ్వకు తమ్మీ. నీ దండ యాడ కట్టాలె? స్కూల్ బస్సుకా?"

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. బడులు తెరిచినప్పటి నుంచి అతను తోలుతున్నది స్కూల్ బస్సే. ఆటో నడిపేది వాళ్ళ బామ్మర్ది.

"ఇద్దరు పనికిరానోళ్ళు పడ్డరు. అంతా కొట్టేసి మొదటి కాడికెల్లి పెడదాం," అన్నాడొకడు.

ట్రెజరర్ లబలబలాడాడు. "నేనేం చేసిన్నే? నా బండి గీడనే ఉన్నది, నేనే నడుపుతున్న. దండ గూడ కట్టిన్రు. ఇప్పుడు ఊడబీకుతరా?"

అదీ నిజమే. అర్హత ఉన్నవాడి పదవి ఉంటుంది, లేనివాళ్ళవే ఖాళీ అని తేల్చాం. అది తేలీతేలకముందే, సెక్రెటరీ పోటీలో ఓడినవాడు చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు. "అయితే ఇగ నేనే సెక్రెటరీ."

"గట్లెట్ల?" అన్నాను. "నీకు ఓటేసింది నువ్వూ, నీ తోడల్లుడూ. మిగిలినోళ్ళమంతా నిన్ను వద్దనుకున్నోళ్ళమే గదా. మళ్ళ ఓట్లేసుడే."

ఇదంతా నవ్వుకుంటూ గడిచింది. ఇక మిగిలింది చాచా సంగతి. దండ ఇంకా ఆయన మెడలోనే ఉంది. వేయడానికి ఎగబడ్డవాళ్ళలో తీయడానికి ఒక్కడు రాడే.

"ఊకుందాం తియ్. ఎవరికి తెలుస్తది?" అని ఎవరో గొణిగారు.

"అరే, బోర్డు రాయించిందే నేను. నాకు తెల్వదా?" అన్నాడు చాచా. తర్వాత నా బండి వైపు చూశాడు. "ఒక్క ట్రిప్పుకు బండి ఇయ్యి బేటా. నడుపుత. నడిపితే రూల్ల ఉన్నట్టే గద."

ఆయన్ని పక్కకు తీసుకుపోయాను. "గీ పదవి నీకెందుకు చాచా? తిట్లు తప్ప ఏమున్నయ్ దీంట్ల?"

"ఇంట్ల కోడలు ఎల్లిపాయలు వొలువమంటది. వొలుస్త, తప్పేంలేదు," అన్నాడు. "గని పొద్దుగాల నమాజ్ అయితే సాలు, కాళ్ళు ఇటే వస్తయ్. బండి లేకుంట గీడ కూసుంటే ఎవడో ఒకడు, 'ఏం పనుండి వచ్చినవ్ చాచా?' అంటడు. ఏమని చెప్పాలె? ప్రెసిడెంట్ అయితే ఎవడూ అడగడు."

తాళంచెవి ఇచ్చేసి, సవారీలను ఎక్కించుకోకుండా నేనొక్కణ్ణే వెనక సీట్లో కూర్చున్నాను.

హ్యాండిల్ పట్టగానే చాచా నడుము నిటారైంది. బండి సాఫీగా కదిలింది. కొంత దూరం పోయాక హారన్ మోగించడం మొదలుపెట్టాడు. ఆగి, మళ్ళీ మోగించి, తల బయటికి పెట్టి కసిరాడు. "జరగవేందే? జల్దీ జరుగు!"

"చాచా, అది బర్రె గాదు. కల్వర్టు గోడ."

"ముందుగాల చెప్పొద్దా మరి!"

ఇంకాస్త ముందుకు పోయేసరికి నిజం బర్రె అడ్డంగా నిలబడి ఉంది. "గిది ఏ గోడ?" అన్నాడు. నేను సీట్లోంచి లేచి ఆయన భుజం పట్టుకున్నాను. బర్రెకే జాలేసినట్టుంది, తప్పుకుంది.

చాచా బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. కాసేపు హ్యాండిల్ మీద చేతులు అలాగే ఉంచుకున్నాడు. "ఎనక సీట్ల రోజూ నువ్వే ఉండవు గదరా," అని దిగి, తనే వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మెడలోంచి దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇగ నువ్వే తోలు."

మేము తిరిగి వచ్చేసరికి స్టాండు ముందర సెంటర్లో బస్సు ఆగి సవారీలను దింపేసింది. బియ్యం సంచులతో, పిల్లలతో జనం ఎండలో నిలబడి ఉన్నారు. మావాళ్ళంతా చెట్టు కింద సెక్రెటరీ పదవి కోసం అరుచుకుంటున్నారు. ఒక్క బండి దగ్గరా డ్రైవర్ లేడు.

నా బండి ఆగకముందే చాచా దిగాడు. "భద్రాచలం! భద్రాచలం! ఎవర్రా ముందున్నది? సవారీలు ఎండల మాడుతుండ్రు, మీ ఓట్లు కాకెత్తుకపోను! ఎక్కుండ్రమ్మా, ఎక్కుండ్రి!"

ఆ కేకకు మీటింగు చెల్లాచెదురైంది. ముందున్న బండి అక్కది. అది నిండగానే చాచా దాని అద్దానికి తన దండ తగిలించి, పైకప్పు మీద రెండు దెబ్బలు వేశాడు. "పో బిడ్డా!"

అక్క వెనక్కి వచ్చాక మళ్ళీ ఎన్నిక పెట్టాం. దండ ఎలాగూ ఆమె బండికే ఉంది కదా అని ఆమె పేరే అన్నాం. చప్పట్లు కొట్టేముందు మాత్రం అందరం తల తిప్పి, బండి ఉందో లేదో చూసుకున్నాం. సెక్రెటరీగా ఇంకొకరు గెలిచారు. ముందు ఓడినవాడు ఈసారీ ఓడాడు. వాడి తోడల్లుడు కూడా ఓటు మార్చాడని అనుమానం.

అక్క ప్రెసిడెంట్‌గా అన్న మొదటి మాట ఇది. "రేపటికెల్లి సీరియల్ పిలిచేది చాచా. గిది పదవి గాదు, పని. పనికి బోర్డు మీద ఏ రూలూ లేదు."

మర్నాడు పొద్దున చాచా ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

ఇప్పుడు ఎవరైనా ఏం పని చాచా అంటే, "కనవడుతలేదా? నీ బండి ఎనక్కి తియ్" అంటున్నాడు. ప్రెసిడెంట్ బండినీ వదలడు. నన్నైతే ఊరికే వెనక్కి పంపిస్తాడు, కళ్ళు కనపడక అంటాడు గానీ నాకు నమ్మకం లేదు. మొన్న పోలీసు జీపు ఒకటి మా వరసలో ముక్కు పెట్టింది. చాచా కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తాడు.

"ఏయ్, నీకు సీరియల్ లేదా? అందరికన్న ఎనక్కి పో!"

మేమంతా చెట్టు చాటుకు చేరాం. జీపులో ఉన్నాయన చాచాను చూశాడు, కుర్చీని చూశాడు, బోర్డును చూశాడు. జీపు మెల్లగా వెనక్కి పోయి నా బండి వెనకాల ఆగింది.