తొడిమలు తీయించిన మామ

మా మామ పోయాడని పెద్దవంగర నుంచి బావమరిది ఫోన్ చేస్తే ముందు నమ్మలేదు. అట్లాంటి ఉత్తుత్తి ఫోన్లు చేసి చుట్టాలను ఉరికించే అలవాటు మా కుటుంబంలో నాకొక్కడికే ఉంది, నాకు బదులు తీరుస్తున్నాడనుకున్నాను. వెనక నుంచి అత్త ఏడుపు వినబడ్డాక నమ్మాను.

పదకొండో రోజు వచ్చినవాళ్ళంతా ఆయనను తెగ పొగిడారు. చల్లని మనిషట, ఎవరినీ ఒక్క మాట అనలేదట. వాళ్ళ మొహం. ఆయన నోరు ఎట్లాంటిదో ఇరవై ఏళ్ళు తిట్లు తిన్న అల్లుణ్ణి, నన్ను అడగాలి. నా వేళాకోళాలకు ఒక్కసారి కూడా నవ్వని మనిషి లోకంలో ఆయనొక్కడే. "గా పండ్లు నాకెందుకు సూపెడ్తవు అల్లుడా? పండ్ల డాక్టర్‌కు సూపెట్టు" అనేవాడు.

ఏడాదిన్నర కింద, వానాకాలంలో, జనగామలో నేను పనిచేసే అద్దాల దుకాణంలో గాజు పలక జారి నా కుడి మణికట్టు కోసింది. నరం తెగింది. డాక్టర్లు కుట్టారు. స్పర్శ రావడానికి నెలలు పడుతుందన్నారు, వస్తుందని మాత్రం మాటివ్వలేదు. ఇక పరామర్శలు మొదలు. బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకొచ్చిన ప్రతి మహానుభావుడూ నా వేలు గిల్లి "తెలుస్తుందా?" అని అడగడమే. భూపాలపల్లి నుంచి వచ్చిన, బొగ్గుబాయిలో పనిచేసే చుట్టం ఒకడైతే, తన దోస్తు చెయ్యి ఎట్లా ఎండిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పి, తెచ్చిన పండ్లలో రెండు తనే తిని పోయాడు.

దవాఖానలో ధైర్యం చెప్పే మేడం ఒకామె ఉండేది. నిద్ర పడుతుందా అని అడిగితే, కలలో కూడా నవ్వుతున్నా మేడం అన్నాను. ఆమె కూడా నవ్వి, బాగున్నాడని కాగితం మీద రాసుకుంది. నవ్వేవాడికి బాధ ఉండదని ఏ బడిలో నేర్పారో. నేను పదో తరగతి తప్పినవాణ్ణే, అయినా ఆ మాత్రం నాకు తెలుసు.

చలికాలం చివర్లో, నన్ను ఒంటరిగా వదిలి పనికి పోవడానికి భయపడి, నా భార్య తన పుట్టింట్లో దింపింది. నేను అడుగు పెట్టిన పూటే మామ పెరటి అర్రకు తాళం వేశాడు. అల్లుడు దొంగయ్యాడన్నమాట, ముసలోడి బుద్ధి చూడు అనుకున్నాను. మర్నాడు మిరపకాయల కుప్ప ముందు, తొడిమలు తీసే ఆడవాళ్ళ నడుమ నన్ను కూర్చోబెట్టాడు.

"ఎడమ చెయ్యి ఎన్కకు పెట్టు."

కుడిది పనిచెయ్యదని చెప్పాను.

"నాకు ఎర్కనే. కూసోని తియ్యి."

వాళ్ళు పది కాయలు తీసేలోపు నాది ఒకటి. నా వేళ్ళ నుంచి జారిన కాయను మామ చేతికర్రతో మళ్ళీ నా ముందుకే నెట్టేవాడు. సాయంత్రానికి ఆడవాళ్ళ వేళ్ళు మండి కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు. నా చెయ్యి చూసి కుళ్ళుకోండి, నాకు మంటే లేదని ఇకిలించేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. మామ నవ్వలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం నా బొటనవేలు చురుక్కుమంది. చీమ అనుకున్నాను. కాసేపటికి చూపుడువేలు కూడా నిప్పంటుకున్నట్టయింది. కాయ పారేసి, చెయ్యి పట్టుకుని ఏడ్చాను. బుద్ధి లేక ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ. మామ చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టాడు.

"మండుతుందా?"

మండుతుంది మామా, అన్నాను.

"మండాలె. పోయి సబ్బుతోటి కడుక్కో."

ఆ పూట నేను చెయ్యి కడుక్కోలేదు.

మొన్న పదకొండో రోజు, పొగిడేవాళ్ళంతా తిని పోయాక, అత్త ఒక తాళంచెవి నా చేతిలో పెట్టింది. మామ దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగాడట.

"గా అర్రల పురుగుల మందు డబ్బాలుండె బిడ్డా. నువ్వచ్చిన్నాడే తాళమేసిండు. అల్లుని నవ్వు సక్కగ లేదే, జర కనిపెట్టుండు అన్నడు."

ఆ తలుపు ముందు నేను రెండుసార్లు నిలబడి వెనక్కి వచ్చిన సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

ఈ ఏటి కాయ పెరట్లో ఎర్రగా పరిచి ఉంది. ఆయన కూర్చునే మంచం గోడకు నిలబెట్టారు. కుప్ప ముందు కూర్చుని, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, పొద్దు గూకేదాకా తొడిమలు తీశాను. అత్త సబ్బుబిళ్ళ, చెంబెడు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. వేళ్ళు భగభగ మండుతున్నాయి. సబ్బు ఇంకా పొడిగానే ఉంది.