వేగం గడి

మా మావయ్య టైపు మిషన్లు బాగుచేసేవాడు. టైపు మిషన్లు పోయినా చేతిలోంచి స్క్రూడ్రైవరు దించలేదు. మోడెమ్‌ల కాలంలో ముందు గదిలో ఒక కంప్యూటరు పెట్టి బులెటిన్ బోర్డు మొదలుపెట్టాడు. జనం ఫోన్ లైను మీద అందులోకి వచ్చి సందేశాలు రాసుకునేవారు. ఇంటర్నెట్ వచ్చాక అందరూ జారుకున్నారు. మిగిలింది ఇద్దరు: మావయ్య, పక్క ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుని ఇలాంటి బోర్డే నడిపే కళ్ళజోళ్ళాయన. ఆ ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

కారణం గొడుగు. గొడుగు ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా అని కళ్ళజోళ్ళాయన నలభై పేజీల వ్యాసం పంపాడు. నిడివి నిబంధన దాటిందని మావయ్య దాన్ని పన్నెండో పేజీ దగ్గర కోసేశాడు. గొడుగు విప్పడం వరకే మిగిలింది, తిరిగి బిగించడం పోయింది. ఆ పన్నెండు పేజీలు చదివి అత్తయ్య విప్పిన గొడుగు ఇప్పటికీ అటక మీద ఉంది.

ఆ రోజు నుంచి ఆయన ఒక్క అక్షరం రాయలేదు. మావయ్యా రాయలేదు. కానీ రెండు కంప్యూటర్ల మధ్య రోజూ పొద్దున్న ఆరింటికి, సందేశాలు మోసే సంచిలాంటిది, ఇటు నుంచి అటు ఒక ప్యాకెట్, అటు నుంచి ఇటు ఒక ప్యాకెట్, లోపల ఏ సందేశమూ లేకుండా వెళ్తూనే ఉన్నాయి. స్నేహంలో మిగిలింది అదొక్కటే. అది ఆగిపోతుందేమోనని మావయ్యకి భయం. పైకి ఒప్పుకోడు గానీ, ప్యాకెట్ రెండు నిమిషాలు ఆలస్యమైతే కాఫీ ముట్టడు.

పోయిన నెల ఆ ముసలి కంప్యూటరు చేతులెత్తేసింది. కొత్త ప్రోగ్రాము రాసే పని మేనకోడలినైన పాపానికి నా నెత్తిన పడింది. ప్యాకెట్‌కి ముందు హెడర్ ఉంటుంది, కవరు మీద చిరునామాలాగ. ఎవరి నుంచి, ఎవరికి, తేదీ, సమయం, ఒక్కోదానికి ఒక్కో గడి. వాటిలో ఒకటి మోడెమ్ వేగానిది. ఇప్పుడు ప్యాకెట్లు వెళ్ళేది ఇంటర్నెట్‌లో. మోడెమే లేనప్పుడు ఇంక వేగమెక్కడిది? అయినా పాత ప్యాకెట్లలో ఆ గడి నిండా 112, 118, 109 అని ఏవేవో అంకెలు.

"మావయ్యా, ఈ వేగం గడిలో చెత్త ఉంది. తీసెయ్యనా?"

"దాని జోలికి పోకు."

"ఎందుకు?"

"పాతది. ఉండనీ."

ఈ 'పాతది, ఉండనీ' వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాడని గడిలో సున్నా పెట్టాలని ప్యాకెట్ల నియమాల్లో స్పష్టంగా ఉంది. పెట్టాను. మర్నాడు పొద్దున్న మావయ్య అలవాటుగా ఆ గడిలో ఏదో అంకె కొట్టాడు. నా ప్రోగ్రాము దాన్ని పక్కన పడేసి సున్నా పంపింది.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో కళ్ళజోళ్ళాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో తెల్ల పూలగుత్తి, వాచిన కళ్ళు.

"ఎవరమ్మాయ్?" అంటూ మావయ్య నోట్లో బిస్కెట్టుతో వచ్చాడు.

ఆయన గోడ పట్టుకున్నాడు. "సున్నా పంపావేంట్రా?"

"నూట పద్నాలుగు పంపాను."

"సున్నా వచ్చింది. షుగరు సున్నా అయినవాడు బతికుంటాడా?"

అప్పుడు వెలిగింది నాకు. ఇద్దరికీ ఒకే ఏడాది షుగరు బయటపడింది. ఏ రోజు అంకె ఆ రోజు ఆ ఖాళీ గడిలో పెట్టి పంపుకునేవారు. గొడుగు గొడవ తర్వాతా మానలేదు. అది ఉత్తరం కాదు కాబట్టి ఎవరి పంతం వాళ్ళకి దక్కింది. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

"ఫోన్ చేయాల్సింది కదండీ," అన్నాను.

"పోయినవాడికి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారమ్మా?"

ఈలోగా వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. "నూట పద్నాలుగా? ఈయనకా?" అంటూ షుగరు మిషను తెచ్చి మావయ్య వేలు పొడిచింది. రెండు వందల అరవై మూడు.

కళ్ళజోళ్ళాయన నవ్వబోయాడు.

"మీ వేలు కూడా ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ," అంది అత్తయ్య. రెండు వందల నలభై ఒకటి.

"నువ్వు నూట పన్నెండన్నావని నేను నూట పదకొండన్నాను," అన్నాడాయన నేల చూస్తూ.

"అందుకే మర్నాడు నేను నూట తొమ్మిదన్నాను," అన్నాడు మావయ్య.

"వీడికేం, గుండ్రాయిలా ఉన్నాడు, మాట్లాడుకోవడానికి ఇంకా బోలెడు టైముందిలే అనుకున్నాన్రా."

"నేనూ అదే అనుకున్నాను."

అత్తయ్య పూలని గ్లాసులో నీళ్ళు పోసి పెట్టింది, మావయ్య చేతిలో మిగిలిన బిస్కెట్టు లాక్కుంది.

ఆ సాయంత్రం వేగం గడిని మళ్ళీ యథాస్థితికి తెచ్చేశాను. ప్రోగ్రాములో దాని పక్కన 'వాడుకలో ఉంది, ముట్టుకోవద్దు' అని రాశాను. మర్నాడు పొద్దున్న మావయ్య 251 కొట్టి, "ఇది వెళ్తుంది కదా?" అని నావైపు అనుమానంగా చూశాడు.

ఆరింటికి అటు నుంచి ప్యాకెట్ వచ్చింది. గడిలో 238. తొమ్మిదేళ్ళలో మొదటిసారి లోపల సందేశం ఉంది, పదమూడో పేజీ నుంచి నలభయ్యో పేజీ దాకా.

మావయ్య కోయలేదు. అటక మీంచి గొడుగు దింపమన్నాడు.