మంగ్యాను ఎందుకు పాతిపెట్టారు?

జనగామలో నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఇందులో సాహిత్యం ఎక్కడిదని మీరు అడగొచ్చు. జమున టీచర్ పుణ్యమా అని అది కూడా వచ్చిపడింది. ఆమె లింగాల ఘనపూర్ దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతుంది. సెలవు దొరికితే చాలు, లంబాడీ తండాల వెంట తిరిగి ముసలివాళ్లు చెప్పిన ముచ్చట్లన్నీ రాసుకొస్తుంది. ఒక్కో తండాకు ఒక్కో సన్నని పుస్తకం. అలాంటివి మూడు వేశాను. ఒక్క అక్షరం తప్పు పడిందని నూరు పేజీలు మళ్లీ వేయించిన మనిషి. ఆమెతో పని నాకు తలనొప్పి, ఆమె రాకపోతే మాత్రం వారం గడవదు.

నాలుగో పుస్తకం పెద్దవంగర అవతల ఉన్న ఆమె సొంత తండా మీద. సొంత ఊరి కథే కదా, నెల రోజుల్లో అయిపోతుందనుకున్నాను. రెండేళ్లు పట్టింది. ఆ కథలో ఒక హత్య ఉంది మరి.

ఆ హత్య గురించి తండాలో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. డెబ్బై ఏళ్ల కింద రాంజీ అనేవాడు మంగ్యా అనేవాణ్ని గొడ్డలితో నరికి చంపాడు. అంతకు పది పదిహేను రోజుల ముందే ఇద్దరూ ఎడ్ల విషయంలో అందరి ముందూ కొట్టుకున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పోలీసుల దాకా పోలేదు. తండా నాయక్ భీక్యా పంచాయితీ పెట్టి రాంజీని పెళ్లాం పిల్లలతో సహా వెళ్లగొట్టాడు. రాంజీ పొలం భీక్యా చేతికి వచ్చింది. ఈ భీక్యా ఎవరో కాదు, జమున ముత్తాత. ఆ పొలాన్నే ఇప్పుడు ఆమె తమ్ముడు బలరాం దున్నుతున్నాడు.

రాంజీ వాళ్లు ఏమయ్యారో ఒక పేజీ రాద్దామని జమున భూపాలపల్లి దిక్కు బస్సెక్కింది. మొగుళ్లపల్లి దగ్గర రాంజీ కూతురు తుల్సీబాయి దొరికింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. తండా విడిచిన రోజు ఆమెకు తొమ్మిదేళ్లు.

"మా బాపు చంపలే. గిది నేను చెప్తె, బిడ్డ కాబట్టి చెప్తున్నదంటరు. గందుకే చెప్పుడు బంద్ చేసిన," అన్నదట ఆమె. ఇంకో మాట కూడా అన్నదట. "దవాళి నాడు మీరు నిప్పుల నెయ్యి పోసి పెద్దల పేర్లు పిలుస్తరు గదా. మా బాపు ఆడ పుట్టినోడే. ఆయన పేరు ఎవలు పిలువరు. నేను సచ్చేలోపు గదొక్కటి చేయిస్తవా బిడ్డా?"

వాళ్ల తండాలో దీపావళికి ఒక వంశంవాళ్లంతా ఒకచోట నిప్పు రాజేసి, నెయ్యి, బెల్లం వేస్తూ చనిపోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తారు. రాంజీ, భీక్యా ఒకే వంశం. వెళ్లగొట్టిన నాటి నుంచి రాంజీ పేరు అక్కడ పలకలేదు. తుల్సీబాయి అన్నదమ్ములు ఎప్పుడో పిల్లల్లేకుండానే పోయారు, ఆమె కొడుకులది వేరే వంశం. పిలిస్తే జమున వాళ్లింటివాళ్లే పిలవాలి.

మర్నాడు జమున ప్రెస్‌కు వచ్చింది.

"యుగేందరన్నా, పుస్తకం ఆపు. రాంజీ చంపిండో లేదో తేలాలె."

"టీచరమ్మా, నీకు పోలీసు నౌకరి గిట్ల దొరికిందా ఏంది?" అన్నాను. నవ్వలేదు. ఆమెది ఉడుం పట్టు అని నాకు తెలిసిందే కనుక నేనూ పుస్తకం పక్కన పెట్టాను.

ఏడాది తిరిగింది. కనిపించిన ముసలివాళ్లనల్లా అడిగింది. అందరూ విన్నదే చెప్పారు, చూసినవాడు ఒక్కడూ లేడు. మంగ్యా భార్య కూడా చూడలేదు. కాన్పుకు పుట్టింటికి పోయిన ఆమె తిరిగొచ్చేసరికి మొగుణ్ని పాతిపెట్టేశారు. తండా బయట ఆ గుంత ఇప్పటికీ ఉంది. దారిన పోయేవాళ్లు తలా ఒక రాయి వేసి పోతారు.

ఒకరోజు నేను దశదినకర్మ కార్డు ఒకటి తయారుచేస్తూ, ఊసుపోక అడిగాను. "టీచరమ్మా, మీ దాంట్ల కాలుస్తరా, పాతిపెడ్తరా?"

"పెండ్లయినోళ్లను కాలుస్తం అన్నా. పెండ్లిగానోళ్లను పాతిపెడ్తం. అమ్మవారు పోసి పోయినోళ్లను గూడ, పెండ్లయినా సరే, పాతిపెడ్తం." చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "అన్నా, మంగ్యాకు అప్పటికే ఒక పిల్లగాడు. మరి ఆయన్ని ఎందుకు పాతిపెట్టిండ్రు?"

చిన్నప్పటి నుంచి ఆ గుంత మీద తనూ రాళ్లు వేసింది. అయినా ఆ ప్రశ్న ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

గుంత తవ్విందెవరో పట్టుకోవడానికి ఇంకో నెల పట్టింది. తండా పక్క ఊళ్లో పుష్పమ్మ అనే ముసలమ్మ ఉంది. తవ్వింది ఆమె మామ. ఆయన ఎన్నడో పోయాడు కానీ, చెప్పిన మాట ఆమె దగ్గర భద్రంగా ఉంది.

"మా మామ మొకం నిండ అమ్మవారి మచ్చలే. గందుకే ఆయన్ని పిలిచిండ్రట. ఒకసారి వచ్చినోళ్లకు మల్ల రాదు గదా. పీనుగు మీద యాపాకు కప్పిండ్రట. పది దినాలు చేనుకాడి గుడిసెలనే పడి ఉన్నడట. దెబ్బ లేదు గిబ్బ లేదు, ఒళ్లంత పొక్కులే అనేటోడు."

"మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదవ్వా?"

"ఎవలడిగిండ్రు బిడ్డా?"

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. హత్యే లేదు. మంగ్యా మశూచితో పోయాడు. ఆ సంగతి శవాన్ని చూసిన నలుగురైదుగురికే తెలుసు. కోతల కాలంలో తండాకు అమ్మవారు వచ్చిందంటే ఎవరూ కూలికి పిలవరు, దగ్గరికి రానివ్వరు. ఆ భయానికి నోళ్లు మూతపడ్డాయి. పక్కన రాంజీ పొలం కనిపించింది. భీక్యా ఒక్క దెబ్బకు రెండు పనులు చక్కబెట్టుకున్నాడు. అంత అబద్ధం ఆడగలిగినవాడు ఆచారం మాత్రం తప్పలేకపోయాడు. మశూచితో పోయినవాణ్ని కాల్చడానికి చేయి రాలేదు. గుంత తవ్వించి, తన అబద్ధానికి తనే సాక్ష్యం పెట్టి పోయాడు.

అచ్చు వేయమంటే అదే రాత్రి వేసేవాణ్ని. జమున ఒప్పుకోలేదు. ముందు తండ్రికి చదివి వినిపించాలంది. ఆమె తండ్రి హరిలాల్‌కు డెబ్బై ఏళ్లు, భీక్యా ఎత్తుకుని పెంచిన మనుమడు. మొదటిరోజు సగంలో లేచిపోయాడు. రెండోరోజు బలరాం కాగితాలు లాక్కున్నాడు. "గా పొలం తిండి తినే టీచరమ్మవైనవ్" అన్నాడు. ఆ మాటతో ఆమె చాలాసేపు ఏడ్చిందట. మూడోరోజు ఇంకో ప్రతి పట్టుకుని మళ్లీ తండ్రి ముందు కూర్చుంది. ఆయన చివరిదాకా విన్నాడు.

"మా తాత చెడ్డోడు గాదు," అన్నాడు.

"చెడ్డోడని రాయలే బాపు. అబద్ధమాడిండని రాసిన."

"పొలం అడుగుతదా ఆమె?"

"పేరు అడుగుతున్నది."

దీపావళికి తుల్సీబాయిని తెమ్మని వారం తర్వాత హరిలాలే ఫోన్ చేశాడు. పొలం సంగతి ఇంకా తెగలేదు, బలరాం ఇప్పటికీ అక్కతో మాట్లాడడు.

పండుగ పొద్దున నేనూ పోయాను. తుల్సీబాయి మనుమడి ఆటోలో వచ్చింది. తండా అంతా గుమిగూడింది కానీ ఆమెను ఎవరూ పలకరించలేదు. జమునే చేయి పట్టి నిప్పు దగ్గర కూర్చోబెట్టింది. పేర్లు పిలవడం ఇంటి పెద్ద పని. హరిలాల్ నెయ్యి పోస్తూ ఒక్కొక్కరినే పిలిచాడు. ఒకచోట ఆగాడు. ఇంకాస్త నెయ్యి పోసి, "రాంజీ" అన్నాడు.

తుల్సీబాయి కళ్లు మూసుకుంది. ఏడవలేదు. నాకే ఆగలేదు.

తర్వాత రావలసిన పేరు భీక్యా. హరిలాల్ దాన్ని దాటేసి తన తండ్రి పేరు పిలిచి, నేతి గిన్నె కింద పెట్టేశాడు. అందరికీ అర్థమైంది. బలరాం తల దించుకున్నాడు. సరైన శిక్షే అనుకున్నాను నేను.

తుల్సీబాయి కళ్లు తెరిచింది. నేల మీద చేయి ఊని లేచి, బెల్లం ముక్క తీసి నిప్పులో వేసి, తనే "భీక్యా" అని పిలిచింది. హరిలాల్ వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నది. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏమన్నదని జమునను అడిగితే, ఆమె తెలుగులో చెప్పింది.

"పేరు పిలువకపోతె ఎట్లుంటదో నాకెరుక నాయినా, నువ్వు గా పని చెయ్యకు అన్నది."