ఇప్పచెట్టు కింద కాల్చిన నేల

ఈ మధ్య చిప్స్ కవర్లు మరీ అతిగా చప్పుడు చేస్తున్నాయి. మా ఆవిడ నా వెనక కూర్చుని ఒకటి విప్పిందంటే నా వీపు బిగుసుకుపోతుంది. ఆమె దాన్ని నా చాదస్తాల్లో జమకట్టేసింది. ఆ కవరు చప్పుడు అచ్చం ఎండు టేకాకుల మీద నడక చప్పుడేనని, అడవి ఊళ్లలో కొలువు చేసిన మా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నా మొదటి ఉద్యోగం అశ్వారావుపేట అవతల అడవిలో, ఒక చిన్న బడిలో. వానకాలమంతా పక్కన ఏముందో అడవి కనపడనిచ్చేది కాదు గనుక నిశ్చింతగా ఉండేవాణ్ణి. శివరాత్రి దాటి చెట్లు బోడివయ్యాక అంతా కనపడేది, అడుగేస్తే అందరికీ వినపడేది. ఆదివారం తెల్లవారుతుండగా నేను ఇంటికి పోయే బస్సు కోసం నడిచే దారిలోనే బడి పక్కింటి అక్కవాళ్ల ఇప్పచెట్టు ఉండేది. రాలిన పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకంతా ముందే కాల్చి ఉంచడం అక్కడి పద్ధతి. ఆ పువ్వు ఎలుగుబంట్లకూ ఇష్టమే కాబట్టి నేను అక్క వెంటే నడిచేవాణ్ణి. ఆమేమో ఆకులు తొక్కుతూ, దగ్గుతూ, అత్తగారిని తిడుతూ వచ్చేది. ఎలుగును పిలిచి మరీ చూపిస్తుందేమోనని నా భయం.

ఒక ఆదివారం నేనే ముందు బయల్దేరి, చప్పుడు కాకుండా ఎండిన వాగు ఇసుకలోంచి నడిచి, నా తెలివికి నేనే మురిసిపోతూ కాల్చిన నేల మీద కాలు పెట్టాను. చెట్టు మొదట్లో మాడిన మొద్దొకటి ఉంది. అది తలెత్తింది.

మా మధ్య దూరం ఒక నులకమంచమంత. అది వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఆకులెందుకు రాలతాయో అడిగితే బీఎస్సీ చదివినవాణ్ణి, చక్కగా చెప్పేవాణ్ణి. ఆ సమయంలో ఎవరూ అడగలేదు. అప్పుడు వెనక నుంచి ఎండాకులు పటపటలాడాయి. అక్క గంప మీద కొడుతూ, ఆకులు తన్నుకుంటూ పరుగున వస్తోంది. ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగి, పొదల్లోకి దూరి వెళ్లిపోయింది.

"దొంగోని లెక్క సప్పుడు లేకుండ వస్తే అదేం జేస్తది సారూ, అది గూడ బెదిరింది," అంది అక్క, గంప దించి పువ్వు ఏరుకుంటూ.

మొన్న అటు పోయాను. ఇప్పచెట్టున్న చోట పామాయిల్ తోట. ఏ నెలలో చూసినా అదే పచ్చదనం, కాలు పెడితే చప్పుడు లేదు. మాఘమో శ్రావణమో చెట్లను చూసి చెప్పలేం. భయపడటానికి ఏమీ లేని ఆ చోట, తోట దాటేదాకా నేను దగ్గుతూనే నడిచాను. తల నెరిసిన అక్క వాకిట్లో కూర్చుని ఉంది. ఎలుగులు ఇంకా వస్తున్నాయా అని అడిగాను.

"పువ్వే లేదు, ఎలుగెందుకొస్తది? నువ్వెందుకొచ్చినవ్ సారూ?"