రేడియో బటన్ వదలని ఓనర్

మొన్న ఆదివారం రెండో ప్లేస్‌లో పోతా ఉన్న మా కారు ఏడో ప్లేస్‌కి ఎట్ల పడిపోయిందో చెప్తా, వినండప్పా. తప్పు కారుది కాదు, డ్రైవర్‌దీ కాదు.

నేను పద్నాలుగేండ్లు రేసు కారు తోలినోణ్ని కదా. మా నాయన "మావాడు డ్రైవర్" అంటే తిరపతిలో అందరూ "ఏ డిపో?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు తడ దగ్గర షెడ్డు పెట్టుకోని సొంత టీమ్ నడిపిస్తా ఉండా. కారు తోలేది రేవతి, నగరి నేతగాళ్ల బిడ్డ. మెకానిక్ మస్తాన్. కాళాస్తిలో స్కూటర్లు రిపేరు చేసుకుంటా ఉన్నోణ్ని నా మొదటి రేసుకు పిల్చుకోని పోయినా. ఇప్పటికీ నాతోనే ఉండాడు.

ఆ పొద్దు చెన్నై ట్రాక్‌లో ఇంక మూడు రౌండ్లే మిగిలుండాయి. రేడియోలో "బాగా పోతా ఉండావమ్మా, అట్లే పో" అని రేవతికి చెప్పినా. చెప్పినాక బటన్ మీద నుంచి వేలు తీయాల. తీయలా. ఎదురుగా ఒక మలుపు కనపడి నా పాత రేసు గుర్తొచ్చింది.

"మస్తాన్, ఆ మలుపులోనే కదా నా టైరు పోయింది?"

"మర్చిపోతానా అప్పా. ట్రాక్ పక్క గోడెక్కి తువాలు ఊపితి."

"ఊపతా ఏమని అరిచినావు? 'టైరు పోయింది, లోపలికి రా, లోపలికొచ్చేయ్' అని గొంతు చించుకోలా?"

ఇద్దరం నవ్వుకుంటా ఉండాం. అంతలో మా కారు ట్రాక్ వదిలేసి నేరుగా మా ముందుకొచ్చి నిలబడింది.

"ఏమైందమ్మా?" అంటా పరిగెత్తినా.

"మీరే కదా సార్, టైరు పోయింది, లోపలికి రా అనింది."

మస్తాన్ నా చేతి దిక్కు చూసినాడు. నేనూ చూసుకున్నా. బటన్ ఇంకా నొక్కే ఉండాది. ఇంజిన్ మోతలో ఆ బిడ్డకు కథంతా వినపడలా, ఆ ముక్క మాత్రం వినపడింది. "పో తల్లీ, పో" అని తరిమేలోగా ఐదు కార్లు దాటిపోయినాయి.

రేసయినాక రేవతి హెల్మెట్ ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాది. కండ్లలో నీళ్లు. ఆ రెండో ప్లేస్ నిలబడింటే అదే ఆ బిడ్డకు మొదటి కప్పు. పక్కన కూర్చోని జరిగిందంతా చెప్పి, "తప్పు నాదేమ్మా" అన్నా.

ఆ బిడ్డ హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది, "ఆ పొద్దు మస్తాన్ భాయ్ పిలిస్తే మీరు లోపలికొచ్చినారా సార్?"

"లేదమ్మా. మాట వినలా. బురదలో దిగబడి ఓడిపోయినా."

"నేను విని ఓడిపోయినా సార్" అని, కండ్లు తుడుచుకుంటా నవ్వేసింది.

మస్తాన్ నా చేతిలోంచి రేడియో తీసేసుకున్నాడు. "పాత కథలుంటే టీ అంగట్లో చెప్పుకో పో అప్పా" అన్యాడు.

అందుకే మీ దగ్గరికొచ్చినా.