మారుపేరుతో ముప్పయ్యెనిమిదేళ్లు

పెద్దపల్లి స్టేషన్‌లో పొద్దున ఏడింటి పాసింజర్ ఎక్కే ఈ మనిషికి రెండు పేర్లున్నాయి. సీజన్ టికెట్ మీద పర్శరాములు అని ఉంటుంది. ఆధార్ కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద, ఇంటి ముందు గోడకు బిగించిన రాతిపలక మీద కూడా అదే. తల్లి పెట్టిన పేరు మాత్రం ఇస్తారి. మనం ఇస్తారి అనే అందాం. లోకంలో ఒక్కరైనా అనాలి కదా.

కథ పెద్దదేమీ కాదు. ముప్పయ్యెనిమిదేళ్ల కింద అతని చిన్నాయన కొడుకు పర్శరాములుకు నస్పూర్ దగ్గరి ఒక బొగ్గుబావిలో నౌకరి వచ్చింది. మగ్గం ముందు పెరిగిన మనిషి, ఒక్కరోజు బావిలోకి దిగి పైకొచ్చి, ఇంకోసారి చస్తే దిగనన్నాడు. భీవండి పోయి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తూ బతికాడు. వచ్చిన నౌకరి ఊరికే పోతుందని ఇంటి పెద్దలు ఆ కాగితం ఇస్తారి చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్లవాడు, పేరుదేముందిలే అనుకున్నాడు. అలా మారుపేరుతో బావిలోకి దిగినవాడు అతనొక్కడే కాడు. కానీ ఎవడూ ఎవడికీ చెప్పుకోలేదు. తెలిస్తే నౌకరి ఊడుతుంది.

కంపెనీ క్వార్టర్ ఇస్తానంది. తల్లి కమలవ్వ రానంది.

"క్వార్టర్లల్ల ఒకింటి మాట ఇంకో ఇంటికి ఇనబడ్తది. నా కొడుకును నేను ఇస్తారీ అనే పిలుస్త. పర్శరాములంటే నాకు నోరు తిరగది," అని తేల్చి చెప్పింది.

ఆమె పిలుపు ఎవరి చెవిన పడ్డా కొంప మునుగుతుంది. వద్దని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని కాపురం పెద్దపల్లిలోనే పెట్టి, ఇస్తారి రోజూ రైలెక్కి మంచిర్యాలలో దిగి, ఆటోలో నస్పూర్ పోవడం మొదలుపెట్టాడు. తల్లి నోట తన పేరు వినడానికి ఒక మనిషి ముప్పయ్యెనిమిదేళ్లు రైల్లో తిరిగాడంటే కొందరు నవ్వుతారు. నాకైతే నవ్వు రాలేదు.

రైల్లో రోజూ తిరిగేవాళ్లది ఒక చుట్టరికం. పత్తాలు కలిపి పేకాడతారు, పల్లికాయలు పంచుకుంటారు, ఒకరింటి పెళ్లికి ఇంకొకరు పెట్టెకు పెట్టె కదిలిపోతారు. ఇస్తారి ఏ జట్టులోనూ కలవలేదు. పక్కన కంపెనీ ఆఫీసువాడు కూర్చుని ఉండగా ఊరివాడెవడో ఎక్కి "ఏం ఇస్తారీ" అంటే? ఆ భయంతో తలుపు పక్క సీటు చూసుకుని, కిటికీలోకి మొహం పెట్టి కూర్చునేవాడు. అందరూ అతన్ని మూగ మనిషి కింద జమకట్టారు. గోదావరి వంతెన మీద రైలు మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఆ కాసేపే అతనికి నిమ్మళంగా ఉండేది.

మధ్యలో ఒక ఏడు భీవండిలో అసలు పర్శరాములు గుండె ఆగి పోయాడు. మరునాడు నస్పూర్‌లో పర్శరాములు ఎప్పటిలాగే డ్యూటీకి వచ్చాడు. చిన్నాయన కొడుకు కోసం ఏడ్వడానికి కూడా సెలవు చీటీ మీద ఏం రాయాలో అతనికి తోచలేదు.

కిందటి బతుకమ్మ నెలలో కమలవ్వ పోయింది. భార్య రెండేళ్లుగా కరీంనగర్‌లో, బిడ్డ నవీన ఇంట్లో మనవణ్ణి చూసుకుంటోంది. రాత్రి ఫోన్ చేసి, "తిన్నవా నవీన బాపూ?" అంటుంది. మొగుడి పేరు ఆమె ఏనాడూ నోట పలకలేదు, ఇక పలకదు. నవీనకు బాపు. వాడకట్టుకు పర్శరాములు సార్. ఊళ్లో చుట్టాలు సిరిసిల్లకొకరు, భీవండికొకరు పోయారు. తల్లి పోయిన నెలకు గాని ఇస్తారికి సంగతి తట్టలేదు. తనను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు. పొద్దున బాక్సు సర్దుకుంటూ చెవులు రిక్కించేవాడు. ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలున్నాయి. అదీ పర్శరాములు పుట్టినతేదీ ప్రకారం. ఇస్తారి పుట్టుక ప్రకారమైతే మరో మూడేళ్లు చేయొచ్చు. పేరుతోపాటు ముసలితనం కూడా అరువు తెచ్చుకున్నాడు.

ఆ రోజు రైల్లో ఒక మాట గట్టిగా అనుకున్నాడు. ఆఫీసులో పక్క సీటు పద్మలతకు అసలు పేరు చెప్పాలి. మంచి మనిషి, కడుపులో మాట దాచుకోగలదు. ఒక్కసారి ఆమె నోట ఇస్తారన్నా అనిపించుకుంటే చాలు. అంతకన్నా ఏమీ అడగడు.

కాలు విరిగి బావి పని మానుకున్నప్పటి నుంచి ఇస్తారిది మస్టర్ గదిలో హాజరు చూసే పని. వెనకటికి రిజిస్టర్ తెరిచి మూడొందల పేర్లు గొంతెత్తి పిలిచేవాడు. ఇప్పుడు వేలిముద్ర మిషన్ వచ్చింది. దాని ముందు నిలబడి అతను రోజూ వేలు పెడతాడు. వేలు ఇస్తారిది, మిషన్ పలికే పేరు పర్శరాములుది. మిషన్‌కు ఏ అనుమానమూ రాదు. ఆ పొద్దున రానివాళ్ల జాబితా రాశాడు, ఇద్దరి సెలవులు సరిచేశాడు, ఒక తాగుబోతును మందలించి పంపాడు.

మధ్యాహ్నం బాక్సులు తెరిచాక పద్మలత వైపు తిరిగాడు.

"చెల్లే, నాకు ఇంట్ల ఇంకో పేరుండె."

పద్మలత మొహం విప్పారింది. "ముద్దుపేరా అన్నా? మా ఆయన్ని గూడ మా అత్తమ్మ ఇప్పటికీ చిట్టీ అనే పిలుస్తది. యాభై ఏండ్ల చిట్టి!" అని పొలమారేలా నవ్వింది. నవ్వాగాక ఏదో గుర్తొచ్చి సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "మంచిగ యాద్జేసిండ్రు. ఇగో, మీ పెన్షన్ ఫారం. దీంట్ల గూడ గదే అడిగిండ్రు, ఇంకో పేరేమన్న ఉన్నదా అని. జర చూసి నింపుండ్రి. కిందటి నెల ఒకాయన రెండు పేర్లు రాస్తే ఫైలు ఆడనే ఆగిపోయింది. పాపం, మస్తు పరేషాన్ అయితుండు."

ఇస్తారి బాక్సు పక్కకు జరిపాడు. ఫారం దగ్గరికి లాక్కున్నాడు. 'మరొక పేరు ఉన్నచో' అని అచ్చేసి, ఎదురుగా గీత గీసి ఉంది. ముప్పయ్యెనిమిదేళ్లలో ఆ పేరు గురించి ఒక కాగితం అతన్ని అడగడం అదే మొదటిసారి. ఇ అని మొదలుపెడితే ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. 'లేదు' అని రాశాడు. రెండక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

"ఇంతకూ మీ ముద్దుపేరేందన్నా?" అంది పద్మలత.

"పోనీ తియ్యి చెల్లే, ఎప్పటిదో."

తల్లి పోయిన రోజు కన్నా ఆ పూట అతనికి ఎక్కువ దుఃఖం వచ్చింది. ఆ రోజు నలుగురూ పక్కన ఉన్నారు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా సిద్దిరాములు కూర్చున్నాడు. రామగుండం ఎరువులకు దుకాణాల్లో ఆర్డర్లు పట్టే మనిషి. ఏళ్లుగా మొహం చూసుకోవడమే గాని మాటల్లేవు. రైలు గోదావరి దాటి, రామగుండంలో ఆగింది.

ప్లాట్‌ఫాం మీద ఒక ముసలామె, చంకలో సంచితో, పెట్టెల వెంట చూసుకుంటూ వస్తూ ఆగిపోయింది.

"ఇస్తారీ! ఓ ఇస్తారీ!"

జనం తిరిగి చూశారు. ఇస్తారి కూడా చూశాడు. పాపం, ఎవరినో వెతుక్కుంటోంది అనుకున్నాడు.

"ఓరి ఇస్తారీ, నిన్నేరా!"

"తమ్మీ, నిన్నేమన్న పిలుస్తుందా?" అని సిద్దిరాములును అడిగాడు.

"నా పేరు సిద్దిరాములు సార్. నన్నెందుకు పిలుస్తది?"

రైలు కదిలింది. ముసలామె నాలుగడుగులు రైలు వెంట నడిచి, నేరుగా ఈ కిటికీకే చెయ్యి చాపింది.

"కమలవ్వ కొడుకువు గాదురా?"

అప్పుడు తెలిసింది. రాజక్క. ఊళ్లో వాళ్ల పక్కిల్లు. ఇరవై ఒక్క దినాల ఇస్తారిని తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పింది ఆమేనని కమలవ్వ ఎన్నోసార్లు అనేది. ఇస్తారి లేచి కిటికీ చువ్వలు పట్టుకుని అరిచేసరికి ప్లాట్‌ఫాం అయిపోయింది. రాళ్లు, పొదలు, సిగ్నల్ స్తంభం వెనక్కి పోయాయి.

కూలబడ్డాడు. సిద్దిరాములు నీళ్ల సీసా అందించాడు.

"ఎవలు సార్ ఆమె? మీ దిక్కే చూపెట్టింది."

"మా ఊరామె."

"మరి ఇస్తారెవలు?"

ఇస్తారి అటూ ఇటూ చూశాడు. పెట్టెలో ఎవరి గోల వాళ్లది.

"నేనే," అన్నాడు.

సిద్దిరాములు నమ్మనట్టు చూశాడు. "మీరేనా? మరి గంతసేపు పిలుస్తే పలుకకపోతిరేంది?"

ఇస్తారి సీసా మూత పెట్టి తిరిగిచ్చాడు.

"అలవాటు తప్పింది తమ్మీ."